ఉదాహరణము నడచునా? – కంప్యూటరు కరదీపికలపై ఒక పరిశీలన

వార్షిక సంచికకు తెలుగు శాఖ పక్షమున ఒక వ్యాసము పంపుమని సంపాదకవర్గము వారు కోరినప్పుడు, మేము ఏ ప్రబంధమును గూర్చియో, ఏ శతకమును గూర్చియో వ్రాయుదుమని వారు తలచియుందురు. విద్యార్థులు కూడ అట్లే తలచి ఈ పుటలను దాటిపోవుటకు సిద్ధపడియుందురు. కాని ఈసారి మేము ఎన్నుకొన్న విషయము వేరు. కంప్యూటరు భాషలను నేర్పు పుస్తకములలో అచ్చుపడు ఉదాహరణములు నిజముగా నడచునా, నడువనిచో దోషమెవరిది, వాటిని ఎల్లప్పుడును సరిగా నిలుపుట ఎట్లు అనునదియే ఆ విషయము. తెలుగు ఉపన్యాసకునికి ఈ గొడవ ఏల అని అడుగువారికి సమాధానము ముందే చెప్పెదము. మా వలన ఒక తప్పు జరిగినది. ఈ వ్యాసము దాని నుండియే పుట్టినది.

రెండేండ్ల క్రిందట మన కళాశాల ప్రయోగశాల కొరకు పైథాన్ అను కంప్యూటరు భాషను పరిచయము చేయు చిన్న కరదీపికను తెలుగులోను, ఉర్దూలోను సిద్ధము చేయవలెనని నిశ్చయమైనది. మన విద్యార్థులలో పెక్కుమంది కంగ్టి, మనూరు, కల్హేరు, నాగల్‌గిద్ద వైపు గ్రామముల నుండి బస్సులలో వచ్చువారు. ఇంటిలో కొందరు లంబాడీ, కొందరు కన్నడము, మరికొందరు దక్కనీ ఉర్దూ మాట్లాడుదురు. బడిలో తెలుగు లేక ఉర్దూ మాధ్యమమున చదివి వచ్చినవారు. వారికి ఇంగ్లీషు పుస్తకము మొదటి పుటలోనే గోడయై నిలుచును. కాబట్టి ఈ ప్రయత్నము మంచిదే. ఒక పాత ఇంగ్లీషు ప్రతిని తెలుగు చేయు పని మాకును, ఉర్దూ చేయు పని మా మిత్రులైన ఉర్దూ ఉపన్యాసకులకును అప్పగింపబడినది. మేము ప్రూఫులు మూడు పర్యాయములు చూచినాము. దీర్ఘములు, ఒత్తులు, విరామచిహ్నములు ఒక్కటియు విడువలేదు. ప్రోగ్రాముల జోలికి మాత్రము పోలేదు. అవి ఇంగ్లీషులో ఉన్నవి, మా అధికారమునకు వెలుపలివి అని అనుకొన్నాము. మూలములో ఉన్నది ఉన్నట్లు దిగినచో చాలునని మా భావము.

పుస్తకము వచ్చిన మొదటి వారములోనే మొదటి సంవత్సరపు విద్యార్థిని ఒకతె ప్రయోగశాల నుండి మా గదికి వచ్చినది. చేతిలో కరదీపిక తెరచియే ఉన్నది. "సార్, పుస్తకంల ఉన్నట్టే కొట్టిన. గంటసేపటి నుంచి కొడుతున్న, వస్తలేదు. నాకే కంప్యూటరు రాదేమో సార్" అన్నది. మేము వెళ్ళి చూచితిమి. పుస్తకములోని మొదటి పాఠము, మొదటి ఉదాహరణము. ప్రింట్ అను మాట, దాని ప్రక్కన ఉద్ధరణ చిహ్నముల నడుమ ఒక పలకరింపు. ఆమె అక్షరము పొల్లుపోకుండ కొట్టినది. కుండలీకరణములు లేవని యంత్రము ఇంగ్లీషులో చెప్పుచునే ఉన్నది. ఆ ఇంగ్లీషు మాట ఆమెకు తెలియదు. పుస్తకములో కుండలీకరణములు లేవు కనుక వాటిని పెట్టవలెనని తోచదు.

కారణము కంప్యూటరు శాఖ వారు ఒక్క నిమిషములో చెప్పినారు. పైథాన్ రెండవ తరములో ప్రింట్ అనునది ఒక వాక్యము. దానికి కుండలీకరణములు అక్కరలేదు. 2008 డిసెంబరులో వెలువడిన మూడవ తరములో అది ఫంక్షనుగా మారినది; కుండలీకరణములు తప్పనిసరి. రెండు తరములును పదునొకండేండ్లు ప్రక్కప్రక్కనే బ్రతికినవి. 2020 జనవరి 1వ తేదీతో రెండవ తరమునకు పోషణ నిలిచిపోయినది. మా చేతికి వచ్చిన ఇంగ్లీషు ప్రతి రెండవ తరము నాటిది. ప్రయోగశాలలో ఉన్నది మూడవ తరము. మేము తప్పు లేని తెలుగులో, నడువని ప్రోగ్రామును అచ్చువేసినాము.

"నాకే రాదేమో" అన్న మాట మమ్ము చాల దినములు వెంటాడినది. అనుభవము గల ప్రోగ్రామరు పుస్తకములోని ఉదాహరణము నడువనిచో పుస్తకమును అనుమానించును. కొత్తగా నేర్చుకొనువాడు తన్ను తాను అనుమానించును. అచ్చులో ఉన్నది తప్పు కాగలదని మన గ్రామముల నుండి వచ్చిన పిల్లలకు ఎవరును చెప్పలేదు. నిజమునకు మనమే వారికి అచ్చు పట్ల అంతటి గౌరవమును నేర్పితిమి.

వ్యాకరణమున లక్షణమని, లక్ష్యమని రెండు మాటలు గలవు. సూత్రము లక్షణము, దానికి నిదర్శనమైన ప్రయోగము లక్ష్యము. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడినది. నేటికిని మేము తరగతిలో 'వాడు', 'ఎక్కడ' అను పదములను కలిపి 'వాడెక్కడ' అని నల్లబల్లపై వ్రాసినచో అది సరియే. లక్ష్యము నిలకడగా నున్నది. కంప్యూటరు భాషలలో అట్లు కాదు. అక్కడ లక్షణమే ఏటేట మారును. పుస్తకములోని వివరణమును చదివి అది పాతబడినదని ఒకరు గుర్తింపవచ్చును. కాని ఉదాహరణము మౌనముగా పాతబడును. చూచుటకు నిన్నటి వలెనే ఉండును.

ఆ మొదటి తప్పు తరువాత కంప్యూటరు శాఖకు చెందిన యువ ఉపన్యాసకుడొకరు, మేము కలసి కూర్చుండి, పుస్తకములోని ప్రతి ఉదాహరణమును అచ్చులో ఉన్నది ఉన్నట్లు కొట్టి చూచినాము. ఒక పూట గడచునప్పటికి తప్పుల పట్టిక రెండు పుటలు నిండినది. విచిత్రమేమనగా అవి అన్నియు ఒక జాతివి కావు.

కొన్ని మా డి.టి.పి. పనిలో పుట్టినవి. ప్రోగ్రాములో వాడు ఉద్ధరణ చిహ్నములు నిటారుగా, రెండు కొసలను ఒకే తీరున ఉండును. పుటలను కూర్చు సాఫ్ట్‌వేరు వాటిని అందముగా వంచి, తెరచునది ఒక తీరు, మూయునది ఒక తీరు చేసినది. కంటికి ఇంపుగా ఉన్నది. యంత్రమునకు అవి వేరు అక్షరములు. ఆ పుటను ఫైలు నుండి నకలు చేసి నడిపినచో వెంటనే దోషము చూపును. అట్లే పైథాన్ భాషలో పంక్తికి ముందు వదలిన ఖాళీ అలంకారము కాదు; ఏ పంక్తి దేని లోపలిదో తెలుపు వ్యాకరణము అది. అచ్చులో ఆ ఖాళీలు సర్దుబాటై పంక్తులన్నియు ఎడమ అంచునకు చేరినవి. మేము ప్రూఫులు చూచునప్పుడు అట్లు వరుసగా నుండుట చూచి సంతోషించితిమని చెప్పుటకు సిగ్గుపడుచున్నాము.

ఉర్దూ ప్రతిలో వేరొక చిక్కు. ఉర్దూ కుడి నుండి ఎడమకు నడచును. ప్రోగ్రాము ఎడమ నుండి కుడికి. ఒకే పంక్తిలో రెండును కలసినప్పుడు కుండలీకరణములు, కామాలు అటునిటు జరిగి కనబడును. ఫైలులో క్రమము సరిగానే ఉన్నను, కాగితముపై చూచి కొట్టు విద్యార్థికి అది తప్పుగనే కనబడును.

అన్నిటికంటె ప్రమాదకరమైనవి నడచియు తప్పు ఫలితము నిచ్చినవి. రెండు మార్కుల సగటు కనుగొను ఉదాహరణము ఒకటి. 35, 40 కలిపి రెంటితో భాగింపగా పుస్తకములో ఫలితము 37 అని ఉన్నది. రెండవ తరములో పూర్ణసంఖ్యలను భాగించినచో శేషము విడిచి పూర్ణసంఖ్యనే ఇచ్చుట అలవాటు. మూడవ తరములో అదే పంక్తి 37.5 అని చూపును. దోషమని ఎర్ర అక్షరములు రావు. అర మార్కు విలువ విద్యార్థులకు మేము చెప్పనక్కరలేదు. కాబట్టి ఉదాహరణము నడచినంత మాత్రమున చాలదు. పుస్తకములో అచ్చుపడిన ఫలితమును, యంత్రము ఇచ్చిన ఫలితమును ప్రక్కప్రక్కన పెట్టి పోల్చవలెను.

ఇది పైథాన్‌కు మాత్రమే ప్రాప్తించిన బాధ కాదు. మన ప్రాంతపు కళాశాలలలో సి భాషను ఎంతోకాలము టర్బో సి అను సాధనముతో నేర్పినారు. బోర్లాండు సంస్థ దానిని 1987లో తెచ్చినది. దాని కాలములో వ్రాసిన పుస్తకములలో పూర్ణసంఖ్యకు రెండు బైట్లు అని ఉండును. 200ను 200తో గుణించి ఆ రెండు బైట్లలో దాచినచో 40000 పట్టక మైనస్ 25536 వచ్చును; పరిమితి దాటుటకు అది మంచి పాఠము. నేటి కంపైలర్లలో పూర్ణసంఖ్య సాధారణముగా నాలుగు బైట్లు. అదే ప్రోగ్రాము తిన్నగా 40000 చూపును. తెరను తుడుచుటకు, మీట నొక్కువరకు ఆగుటకు ఆ సాధనములో ఉన్న ప్రత్యేక ఫంక్షనులు జి.సి.సి. కంపైలరుతో లభింపవు. అయినను రికార్డు పుస్తకములలో ఆ ప్రోగ్రాములును, ఆ ఫలితములును ఒక బృందము నుండి మరొక బృందమునకు నకలు అగుచునే వచ్చినవి. రికార్డులో 'ఫలితము' అను శీర్షిక క్రింద వ్రాసినది తన యంత్రము ఇచ్చినదా, పై తరగతి వాని రికార్డు ఇచ్చినదా అని అడిగినచో ఎందరు తలవంచుదురో మన విద్యార్థులకే తెలియును. మేము కరదీపికలో చేసినదియు అదియే కనుక వారిని నిందించు అర్హత మాకు లేదు.

ఈ విషయమున పెద్దలు మొదటి నుండియు జాగ్రత్తపరులే. కెర్నిఘన్, రిచీ కలసి 1978లో ప్రకటించిన సి భాషా గ్రంథము ప్రపంచమంతట పాఠ్యమైనది. అందలి ఉదాహరణములన్నిటిని పుస్తకపు పాఠము నుండియే నేరుగా తీసి పరీక్షించితిమని వారు పీఠికలో చెప్పుకొన్నారు. 'పాఠము నుండియే నేరుగా' అనుట గమనింపదగినది. వారు ప్రోగ్రామును ఒకచోట నడిపి, మరల పుస్తకములో చేతితో ఎక్కింపలేదు. పుస్తకము కంప్యూటరులోనే ఉన్నది. అందున్న ప్రోగ్రామునే యంత్రమున కిచ్చినారు. డొనాల్డ్ నూత్ అను మహాపండితుడు మరియొక అడుగు ముందుకు వేసి, 1984లో ప్రోగ్రామును, దాని వివరణమును ఒకే రచనగా వ్రాయు పద్ధతిని ప్రతిపాదించినాడు. ఆ ఒక్క మూలము నుండి చదువదగిన గ్రంథమును, నడువదగిన ప్రోగ్రామును రెండును వెలువడును. తన పుస్తకములలో తప్పు చూపినవారికి రెండు డాలర్ల యేబదియారు సెంట్లు బహుమానమిచ్చుట ఆయన వాడుక. అట్టి బహుమానము మేము ప్రకటించియున్నచో మా జీతము చాలెడిది కాదు.

తరువాతి కాలములో ఈ జాగ్రత్త భాషల లోపలికే వచ్చినది. పైథాన్‌లో డాక్‌టెస్ట్ అను సాధనము కలదు. టిమ్ పీటర్స్ రచించిన ఆ సాధనము 2001లో వచ్చిన 2.1 వెర్షను నుండి భాషతోపాటే లభించుచున్నది. దాని పని మిక్కిలి సరళము. వివరణములో ఎక్కడెక్కడ ప్రోగ్రాము పంక్తియు, దాని క్రింద ఫలితమును ఉన్నవో వెదకును, పంక్తిని నడుపును, వచ్చిన ఫలితమును వ్రాసిన ఫలితముతో అక్షరమక్షరము పోల్చును, భేదమున్నచో ఫలానిచోట ఇది రావలసియుండగా ఇది వచ్చినదని చెప్పును. 2012లో తొలి స్థిరరూపము పొందిన గో భాషలో ఉదాహరణములను పరీక్షల ఫైలులోనే ఫంక్షనులుగా వ్రాయుదురు. రావలసిన ఫలితమును వ్యాఖ్యగా చేర్చుదురు. పరీక్షింపబడిన ఆ ఉదాహరణమే వివరణ గ్రంథమున కనబడును. 2015లో స్థిరపడిన రస్ట్ భాషలోను వివరణలోని ప్రోగ్రాము ముక్కలు మిగిలిన పరీక్షలతో పాటు నడచును. కంపైలు కారాదని చూపుటకు వ్రాసిన ఉదాహరణము పొరపాటున కంపైలైనచో దానినికూడ తప్పుగా పట్టు ఏర్పాటు అందున్నది. ఇది మాకు మిక్కిలి నచ్చినది. తప్పు ప్రయోగమునకు ఇచ్చిన ఉదాహరణము నిజముగా తప్పేనా అని చూచుట మా వ్యాకరణ పాఠములలో కూడ అరుదు.

రస్ట్ పద్ధతిలో మాకు ఒక సందేహము లేకపోలేదు. ఉదాహరణము నడచుటకు కావలసిన ముందు పంక్తులను పాఠకునికి కనబడకుండ దాచవచ్చును. పుట శుభ్రముగా ఉండును, పరీక్షయు నెగ్గును. కాని అచ్చు పుస్తకములో చూచి కొట్టు విద్యార్థికి ఆ దాగిన పంక్తులు ఎక్కడ దొరకును? పరీక్షలో నెగ్గిన ఉదాహరణము అతని చేతిలో ఓడిపోవును. ఇతర దేశములలో తెరపై చదువువారికి ఇది పెద్ద లోటు కాకపోవచ్చును. మనకు మాత్రము కనబడునదంతయు నడువవలెను, నడచునదంతయు కనబడవలెను.

మేము రెండవ ముద్రణకు చేసిన ఏర్పాటు ఇది. ఉదాహరణములన్నిటిని పుస్తకము నుండి బయటకు తీసి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క ఫైలుగా, సంఖ్యతో ఒకేచోట ఉంచినాము. ప్రతి ఫైలునకు జతగా రావలసిన ఫలితపు ఫైలు ఉన్నది. తెలుగు పాఠములో గాని, ఉర్దూ పాఠములో గాని ప్రోగ్రామును ఎవరును చేతితో వ్రాయరు. 'పదునాలుగవ ఉదాహరణము ఇక్కడ' అని గుర్తు మాత్రము పెట్టుదురు. పుట కూర్చునప్పుడు ఆ ఫైలే రెండు ప్రతులలోను వచ్చి చేరును. ఈ కట్టుబాటు లేనంతవరకు జరిగినదేమనగా, మేము తెలుగులో దిద్దిన తప్పులు ఉర్దూలో దిద్దబడలేదు. మా మిత్రులు తమ ప్రతిలో వేరొక మూడు తప్పులు పట్టి దిద్దుకొన్నారు. వాటి సంగతి మాకు తెలియదు. ఒకే తరగతిలో ఒకే బల్లపై కూర్చున్న ఇద్దరు పిల్లలకు రెండు వేరు పాఠములు లభించినవి. రెండుచోట్ల వ్రాసినది ఎన్నడో ఒకనాడు రెండు రకములగును.

ఫైలు నుండి ఒక ముక్కను మాత్రమే పుటలోనికి తేవలసినప్పుడు ఫలాని పంక్తి నుండి ఫలాని పంక్తి వరకు అని సంఖ్యలతో చెప్పుట మొదట సులభముగా తోచినది. పైన ఒక పంక్తి చేరగానే ముక్క అంతయు జరిగి, సగము తెగిన ప్రోగ్రాము పుటలోనికి వచ్చినది. ఇప్పుడు ఫైలులోనే 'ఇచ్చట మొదలు', 'ఇచ్చట ముగింపు' అని పేరుతో గుర్తులు పెట్టినాము. పంక్తులు ఎన్ని చేరినను గుర్తు తనతోపాటు జరుగును.

ఫలితమును ఎవరును ఊహించి వ్రాయరాదనునది రెండవ కట్టుబాటు. దీనికి మన ఊరి పేరే సాక్ష్యము. ఒక మాటలో ఎన్ని అక్షరములున్నవో లెక్కించు పాఠములో, ఎప్పుడును ఇంగ్లీషు పేర్లేనా అని మేము 'నారాయణఖేడ్' అని పెట్టి, క్రింద ఫలితము 6 అని వ్రాసినాము. తెలుగు పండితుని లెక్కకు నా, రా, య, ణ, ఖే, డ్ అని ఆరే కదా. యంత్రము 10 అన్నది. యూనికోడ్ పద్ధతిలో హల్లు ఒక సంకేతము, దానికి చేర్చు గుణింతపు గుర్తు మరియొక సంకేతము, పొల్లు వేరొక సంకేతము. హల్లులు ఆరు, గుణింతపు గుర్తులు మూడు, పొల్లు ఒకటి, వెరసి పది. సి భాషలో యూటీఎఫ్-8 ఫైలుతో అడిగినచో ఒక్కొక్క సంకేతమునకు మూడు బైట్ల చొప్పున 30 అని చెప్పును. ఆరు, పది, ముప్పది – మూడును తమ తమ దృష్టిలో నిజములే. మేము పుస్తకములో వ్రాసినది మాత్రము ఏ యంత్రమును ఇవ్వని ఫలితము. ఆ తప్పే ఇప్పుడు రెండు పుటల మంచి పాఠమైనది.

ప్రసంగవశమున ఒక మాట. ఉదాహరణములలోను, పరీక్షలలోను తెలుగు మాటలుండుట వట్టి భాషాభిమానము కాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరమునకు చెందిన ఒక సంకేతముల వరుసను చూపబోయి ఆపిల్ ఫోనులలో అనువర్తనములు తమంతట తాము మూతపడినవి. ఆ సంస్థ అదే నెలలో 11.2.6 సవరణను విడుదల చేయవలసి వచ్చినది. ఎక్కడో ఒక పరీక్షలో ఆ అక్షరమున్నచో అది ముందే పట్టుబడెడిది.

నెలనెల ఫలితము మారు ఉదాహరణముల సంగతి కొంత చిక్కు. నేటి తేదీని చూపు ప్రోగ్రామునకు రావలసిన ఫలితము ఏమని వ్రాయగలము? తేదీ రూపమును మాత్రమే పోల్చి ఊరకుందుము. పాచిక వేయు ఉదాహరణములో యాదృచ్ఛిక సంఖ్యలకు మొదటి విత్తనము స్థిరముగా ఇచ్చినాము. మండలముల పేర్లను పైథాన్ సమితిలో ఉంచి చూపిన ఉదాహరణము మమ్ము బాగుగ ఏడిపించినది. కంగ్టి, మనూరు, కల్హేరు అని ఇచ్చినచో ఒకసారి కల్హేరు ముందు, మరొకసారి మనూరు ముందు వచ్చును. సమితికి క్రమము లేదు. నడిపిన ప్రతిసారి మారవచ్చును. పుస్తకములో ఉన్నట్లు రాలేదని విద్యార్థి దిగులుపడకుండుటకు ముందుగా వరుస చేర్చి చూపునట్లు మార్చినాము.

మూడవది, పరీక్షను విద్యార్థులు వాడు యంత్రము మీదనే చేయవలెను. మా మిత్రుని సొంత కంప్యూటరులో నడచిన చిత్రపటముల ఉదాహరణము ప్రయోగశాలలో నడువలేదు. ఆయన యంత్రములో ఎన్నడో చేర్చుకొన్న గ్రంథాలయము ఒకటి ఉన్నది. చేర్చుకొన్న సంగతి ఆయనకే జ్ఞాపకము లేదు. ఇప్పుడు ప్రయోగశాలలో ఒక యంత్రమును ఏమియు చేర్చకుండ అట్లే ఉంచి, దానిపైననే పరీక్ష నడుపుచున్నాము. ఈ ఒక్క యంత్రమును ఇతర పనులకు తీసికొనవలదని కళాశాల కమిటీ వారిని ఈ వ్యాసముఖమున మరల ప్రార్థించుచున్నాము.

నాలుగవది, పుస్తకములో మార్పేమియు లేకున్నను పరీక్ష ఆగరాదు. మేము ఒక్క అక్షరము కదపకున్నను భాష కదలుచుండును. కాలమును కొలుచుటకు పాత పైథాన్ పుస్తకములన్నిటిలో కనబడు క్లాక్ అను ఫంక్షను 2019లో వచ్చిన 3.8 వెర్షనులో తొలగింపబడినది. అంతకుముందు దినము వరకు సరియైన ఉదాహరణము, కొత్త వెర్షను చేర్చిన దినము తప్పైనది. కావున ప్రతి నెల మొదటి శనివారము అన్ని ఫైలులను నడుపుట నియమము చేసికొన్నాము.

ఇంత చేసినను మేము మరల తప్పితిమి. ఆ సంగతి దాచుట న్యాయము కాదు. ఒకటి నుండి పది వరకు సంఖ్యలను కూడు ఉదాహరణమునకు ఫలితము 55. పైథాన్‌లో పది వరకు కావలెనన్న పదునొకటి అని హద్దు చెప్పవలెను, చివరి సంఖ్య లెక్కలోనికి రాదు గనుక. ఎవరో అది పొరపాటనుకొని పదునొకటిని పది చేసినారు. పరీక్ష వెంటనే పట్టినది: 55 రావలసినచోట 45 వచ్చినదని చూపినది. అది ముద్రణకు పంపవలసిన సాయంకాలము. పాత ఫలితమై యుండునని మేము 55 కొట్టివేసి 45 అని వ్రాసితిమి. పరీక్ష నెగ్గినది. పాఠములో మాత్రము 'ఒకటి నుండి పది వరకు మొత్తము' అనియే ఉన్నది. భేదము కనబడినప్పుడు పుస్తకము తప్పా, ప్రోగ్రాము తప్పా అని నిర్ణయించుట మనిషి పని. మేము ఆ పనిని విడిచి, కాపీ కొట్టు విద్యార్థి వలె జవాబును ప్రశ్నకు తగినట్లు కాక, యంత్రమునకు తగినట్లు మార్చితిమి. చుట్టునున్న వాక్యము నిజమా కాదా అని ఏ సాధనమును పరీక్షింపలేదు. అందుకొరకు ఫలితపు ఫైలును మార్చునప్పుడు ఇద్దరు చూచి సంతకము చేయవలెనని, అందులో ఒకరు ఆ పాఠపు తెలుగును గాని ఉర్దూను గాని చదువువారై యుండవలెనని నియమము పెట్టినాము. ఆ 45 అచ్చైన ప్రతులలో తప్పొప్పుల చీటీ అంటించినాము.

అచ్చు పుస్తకమునకు తెర మీది పుస్తకమునకు లేని కష్టమొకటి ఉన్నది. ఇవ్వాళ దిద్దిన తప్పు నిన్న పంచిన ప్రతిలో దిద్దుకొనదు. దానికి మేము కనుగొన్న ఉపాయము చిన్నది. ప్రతి పాఠము చివర ఏ వెర్షనుపై, ఏ నెలలో పరీక్షించినది ఒక పంక్తిలో అచ్చువేయుచున్నాము. విద్యార్థి తన యంత్రములోని వెర్షనును ఆ పంక్తితో పోల్చుట మొదటి పాఠములోనే నేర్పుచున్నాము. ఆ పంక్తి క్రింద, పుస్తకములో ఉన్నట్లే కొట్టినను రానిచో పుస్తకమునే అనుమానించి మాకు తెలుపుమని తెలుగులోను ఉర్దూలోను వ్రాసినాము. మొదట ఎవరును రాలేదు. ఇప్పుడు వచ్చుచున్నారు. వచ్చిన వారిలో కొందరిది నిజముగా కొట్టుటలోని పొరపాటే. అయినను రావలదని చెప్పలేదు.

ఆనాడు కరదీపిక తెరచి మా గదికి వచ్చిన విద్యార్థిని ఇప్పుడు చివరి సంవత్సరములో ఉన్నది. నెల మొదటి శనివారము పరీక్షను నడుపునది ఆమెయే. తప్పిన ఉదాహరణముల సంఖ్యలను ఒక చీటీపై వ్రాసి మా బల్లపై పెట్టి పోవును. క్రిందటి నెల చీటీలో రెండు సంఖ్యలున్నవి. ఒకటి ఆ సాయంకాలమే సరియైనది. రెండవది ఫైలులను చదువు పాఠములోనిది. ఉర్దూ పేర్లున్న ఫైలును అది ఇంకను తిన్నగా చదువుట లేదు. కారణము తెలియువరకు రెండు ప్రతులలోను ఆ ఉదాహరణమును తీసివేసి, ఆ చోటు ఖాళీగా ఉంచినాము.